సుంకన్న కట్టిన తాబేటి మిద్దె

బావికి రాతికట్టు కట్టడంలో సుంకన్నను మించినవాడు గార్లదిన్నె నుంచి పామిడి దాకా లేడు. ఈ మాట మొదట చెప్పింది సుంకన్నే కాబట్టి ఎవరూ నమ్మలేదు. తర్వాత బావుల్లోకి దిగి చూసినవాళ్లు నమ్మారు. సున్నం లేకుండా, సిమెంటు లేకుండా, రాయి మీద రాయి పేర్చుకుంటూ ముప్ఫై అడుగుల లోతున గుండ్రంగా గోడ కట్టేవాడు. ఆ రాళ్ల సందుల్లోంచి ఊట నీళ్లు లోపలికి వచ్చేవి గాని, లోపలికి పోయిన చీమ బయటికి వచ్చేది కాదు. ఒక చీమ దారి వెతుక్కుంటూ మూడు నెలలు ఆ గోడంతా తిరిగి, చివరికి మనవళ్లూ మనవరాళ్లతో బయటపడిందని మా ఊళ్లో చెప్పుకునేవారు. పుట్టించింది నేనే అనుకోండి. చెప్పుకున్నది మాత్రం ఊరే.

కట్టు పూర్తయిన రోజున సుంకన్న ఒక పని తప్పనిసరిగా చేసేవాడు. పామిడి దగ్గర పెన్న మడుగుల్లో పట్టిన తాబేలును తెప్పించి, దాని చిప్ప మీద పసుపు కుంకుమలు పెట్టి, తన చేతులతోనే కొత్త బావిలోకి వదిలేవాడు. తాబేలు పాచి తింటుంది, పురుగులను తింటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. తాబేలు బతికున్నంత కాలం బావి ఎండదని మా వాళ్ల నమ్మకం. ముప్ఫై ఏళ్లలో సుంకన్న చేతి మీదుగా ఎన్ని తాబేళ్లు పోయాయో, అన్నీ నీళ్లలోకే పోయాయి.

1965లో వాన మాకు మొహం చాటేసింది. మరుసటి ఏడు మా దారే మరిచిపోయింది. వేరుశనగ విత్తనం చాల్లో పడిన చోటే వేగిపోయిందనీ, గంప పట్టుకుని పోతే వేయించిన కాయలు ఏరుకోవచ్చనీ అప్పట్లో నేను బంధువులకు ఉత్తరాలు రాశాను. ఆ ఎండల్లోనే గంగాధరప్ప పొలం బావి ఎండిపోయింది. ఊరికి పెద్ద భూమి ఆయనది, పెద్ద బావి కూడా ఆయనదే. సుంకన్న కట్టిన బావులన్నిటిలో అతనికి ఎక్కువ ఇష్టమైనదీ అదే. పూడిక తీయడానికి దిగిన కూలీలకు అడుగున నెర్రెలిచ్చిన బురదలో ఖాళీ తాబేటి చిప్ప దొరికింది. పైకి తెచ్చి గట్టు మీద బోర్లించారు.

గంగాధరప్ప చెడ్డమనిషి కాడు. అయితే రెండేళ్లు వరసగా పంట పోయినవాడి నోట్లోంచి మెత్తటి మాట రావడం కష్టం.

"ఏమప్పా సుంకన్నా, నీ కట్టు నిలబడింది గానీ నీ తాబేలు నిలబళ్లేదే? నీ చెయ్యి యట్లాంటిదో ఒగసారి సూసుకో."

గట్టు మీదున్నవాళ్లు నవ్వారు. సుంకన్న నవ్వలేదు. చిప్పను తువ్వాలులో చుట్టుకుని ఇంటికి పోయాడు. రెండు రోజులు సంగటి ముద్ద సగంలోనే వదిలేసి లేచాడని అతని భార్య ఓబమ్మ మా అమ్మ దగ్గర కళ్లు తుడుచుకుంది. తన గోడను ఎవరైనా ఏమన్నా అంటే ఎదురు తిరిగేవాడే. చేతిని అన్నారు.

ఆ తర్వాత పది రోజులకు, రాళ్లు లెక్కబెట్టి వేసినట్టు నాలుగు చినుకులు పడ్డాయి. మరునాడు పొద్దున సుంకన్న రాయి కొట్టడానికి ఊరి వెనక గుట్టకు పోయి, కొట్టకుండానే తిరిగొచ్చాడు. తలపాగా విప్పి దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని, నిండిన చెంబు మోస్తున్నంత జాగ్రత్తగా నడుస్తున్నాడు. వీధిలో ఆగి పాగా తెరిచాడు. లోపల ఒక తాబేలు. జానెడు పొడవు. గుమ్మటంలా పైకి లేచిన నల్లటి చిప్ప, దాని మీద ఒక్కో గడిలో ఒక్కో పసుపు చుక్క, చుక్క చుట్టూ కిరణాల్లా గీతలు. పనిమంతుడైన కంసాలి తీరిగ్గా కూర్చుని చెక్కినట్టుంది.

"యాడ దొరికిందప్పా?" అని అడిగారు.

"కలేపొద కింద. నీళ్లు లేక యంత దూరం నడిసొచ్చినాదో పాపం."

అరుగు మీద గంగాధరప్ప కూర్చుని ఉన్నాడు. "దీన్ని యాడ ఇడుస్తావు? నా బావిలో ఇంగ తాబేలుకు తావు లేదు. నీళ్లే లేవు," అన్నాడు.

"మీ బావి ఎవురికి గావల్ల? ఇది నా ఇంట్లో ఉంటాది. దీనికి నేనే ఇల్లు కడతా." సుంకన్న గొంతు పెరిగింది. "అందురూ ఇనండి. ఇది గిన నా చేతిలో సచ్చిందంటే, ఈ జన్మలో మళ్ల సుత్తె పట్టను."

మా దగ్గర పనివాడు తన పనిముట్టు మీద మాట వేస్తే అది దేవుడి ముందు వేసినట్టే.

"మాట మీద ఉండు మల్ల," అన్నాడు గంగాధరప్ప. "ఆ పొద్దు సుత్తె తీసకపోయేకి నేనే వస్తా."

నాకప్పుడు ఇరవై ఏళ్లు. అనంతపురం కాన్వెంటులో చదువు ముగించుకుని, ఉద్యోగం వచ్చేదాకా ఊళ్లో సలహాలు ఇస్తూ ఉన్నాను. ఆ మధ్యాహ్నమే సుంకన్న మా ఇంటికి వచ్చాడు.

"అల్లుడా, నువ్వు దొరసాన్ల కాడ సదివినోడివి. తాబేటికి ఇల్లు యట్లుండల్లో మీ పుస్తకాల్లో యాడన్నా రాసినారా?"

మా ఇంగ్లీషు వాచకంలో ఒక బొమ్మ ఉండేది. కొలను, కొలనులో తామరలు, నడుమ ఒక బండ, బండ మీద తాబేలు. నేను గొంతు సవరించుకుని, నీతిపాఠంలో బహుమతి తెచ్చుకున్నవాడికి తగినట్టుగా చెప్పాను. "నీళ్లుండల్ల మామా. నడీమధ్యలో ఒగ బండ ఉండల్ల."

"అదే నేనూ అనుకునింది," అని సుంకన్న సంతోషంగా లేచిపోయాడు.

ఇక ఆ తొట్టి సంగతి. బావి కట్టేవాడికి నీళ్లు లోపలికి రానిచ్చే గోడ తెలుసు. నీళ్లను బయటికి పోనివ్వని గోడ వేరు. సుంకన్న ఎప్పుడూ కట్టని గోడ అది. పెరట్లో గుంజలు పాతి, తాటాకుల నీడ వేసుకుని మొదలుపెట్టాడు. నాలుగు మూరల పొడవు, మూడు మూరల వెడల్పు, మోకాటి లోతు. రాళ్లను ఉలితో చెక్కి ఒకదానికొకటి అతికించాడు. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి రుబ్బి గచ్చు చేశాడు. ఇంట్లో ఉన్న బెల్లమంతా గోడలోకి పోతుంటే ఓబమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఏమయ్యా, పండగకి నేను ఓలిగలు దేంతో చెయ్యల్ల?"

"పోయి గోడ నాకు," అన్నాడు సుంకన్న.

గచ్చును గులకరాయితో మూడు రోజులు రుద్దాడు. నాలుగో రోజుకు అందులో మొహం కనిపించింది. ఆ అద్దంలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చని ఎవరో అన్నారు. నేను గీసుకున్నాను కూడా. ఒక్క చోటే తెగింది.

నీళ్ల కథ వేరే. ఊరికంతటికీ మిగిలింది వంక పక్కన ఒక్క ఊటబావి. ఇంటికి నాలుగు బిందెలు. సుంకన్న తన వంతు స్నానం మానేశాడు. మొహం కడుక్కోవడం మానేశాడు. తొట్టిలోకి రోజుకు రెండు బిందెలు పోశాడు. నీడ పట్టున తొట్టిలో పోసిన నీళ్లు మరునాటికి పోసినంతే ఉండేవి. ఊళ్లో జనం వచ్చి, గోడ చుట్టూ తిరిగి, అడుగున చెమ్మ కోసం తడిమి చూసేవారు. అరచేతికి దుమ్మే అంటేది. "ఒగ్గ సుక్క కూడా పోలేదప్పా!" అంటే సుంకన్న మీసం కింద నవ్వు దాచుకునేవాడు. ఆ కరువులో నీళ్లు నిలిచిన కట్టడం మా ఊళ్లో అదొక్కటే. ఊరికే చూసి పోవడానికి బత్తలపల్లె నుంచి కూడా మనుషులు వచ్చారు.

తాబేలుకు మాత్రం ఆ ఇల్లు నచ్చినట్టు లేదు.

అన్నాళ్లూ గంప కింద ఉంచిన దాన్ని నీళ్లలో వదలగానే కాళ్లు గిలగిలా కొట్టుకుని బండ మీదికి ఎక్కింది. ఎక్కి మళ్లీ దిగలేదు. దించితే గోడ పక్కకు పోయి, నున్నటి గచ్చు మీద గోళ్లతో గీరింది. బొరుగులు వేస్తే తినలేదు. వానపాముల కోసం ఓబమ్మ ఊటబావి అంచునంతా తవ్వింది. వాటినీ ముట్టలేదు. నాలుగో రోజుకు కళ్ల మీద రెప్పలు ఉబ్బాయి. ఆరో రోజు ముక్కులోంచి బుడగలు వచ్చాయి.

సుంకన్న నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అల్లుడా, ఏం తక్కువైనట్ల?"

తక్కువైంది ఏమిటో నాకు తెలిస్తే కదా. తెలియదని చెప్పడం మాకు కాన్వెంటులో నేర్పలేదు. "నీళ్లు సాలినట్లు లేదు మామా," అన్నాను.

అతనికీ అలాగే అనిపించింది. ఎండిన బావిలో దొరికిన చిప్ప అతని కళ్ల ముందే ఉంది. ఆ రోజు వాళ్ల నాలుగు బిందెలూ తొట్టిలోకే పోయాయి. బండ మునిగింది. ఆ మొగుడూ పెళ్లాలు పక్కింట్లో చెంబుడు నీళ్లు అడుక్కుని తాగి పనిలో పడ్డారు. కాసేపటికి ఓబమ్మ తొంగి చూస్తే తాబేలు తల వేలాడేసుకుని తేలుతోంది.

ఆమె కేక విని నేను గోడ దూకి వచ్చేసరికి సుంకన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దాని నోట్లోంచి నీళ్లు కారుతున్నాయి. సరిగ్గా అప్పుడే కదిరమ్మ పెరటి కంచె దగ్గర ఆగింది. కదిరమ్మ మేకలు కాసేది. అరవై ఏళ్ల మనిషి, గుట్టలో ఏ రాయి కింద ఏముందో చెప్పగలదు. మేకపిల్లకు దాహమైతే, నీళ్లున్న ఇల్లని అటు వచ్చింది.

"దాన్ని నీళ్లల్లో ఏసిందెవుర్రా?" అంది లోపలికి వస్తూనే.

"నేనే అక్కా. తాబేలు గదా."

"తాబేలైతే? నువ్వు మనిసివి గదా, నిన్ను తీసకపోయి పెనుగొండ కోటలో రాజు సేస్తే ఉంటావా? ఇది గుట్ట తాబేలురా. నీళ్లల్లో ఏస్తే మునిగి సస్తాది."

"ముప్పై ఏండ్ల నుంచి తాబేళ్లను ఇడుస్తాండా. నాకు సెప్పొద్దక్కా."

కదిరమ్మ వంగింది. తాబేలును అతని ఒళ్లోంచి తీసుకుని తల కిందికి వంచి పట్టుకుంది. కారేవన్నీ కారాక, వెల్లకిలా తిప్పి అతని కళ్ల ముందు పెట్టింది.

"నువ్వు ఇడిసిన వాటి కాళ్లు యట్లుండాయి?"

"కాలి ఏళ్ల నడుమ తోలు ఉంటాది. బాతు కాళ్ల మాదిరి."

"దీనివి?"

సుంకన్న చూశాడు. పొట్టిగా, గుండ్రంగా, గరుకుగా, బుజ్జి ఏనుగు కాళ్లలా ఉన్నాయి. వేళ్లే లేవు, తోలెక్కడిది? రాయిని దూరం నుంచి చూసి లోపల పగులు ఉందో లేదో చెప్పే మనిషి, ఇన్నాళ్లూ దాని కాళ్ల వైపు చూడనే లేదు. వేలితో ఒక్కో కాలినీ తడిమాడు.

"దానికి నీళ్లు వద్దనే వద్దా?"

"వాన పడినప్పుడు తాగుతాది. పడనప్పుడు గమ్మునుంటాది. మన మాదిరేరా," అంది కదిరమ్మ. "గడ్డి తింటాది. నాగజెముడు పండ్లంటే పానం ఇడుస్తాది. ఎండెక్కితే రాయి కింద దూరతాది. నలభై ఏండ్ల నుంచి సూస్తాండా. ఏ కరువులోనూ ఒగటి సచ్చింది సూడలేదు."

"బతుకుతాదా?"

"నాకేం తెలుసు? ముందు ఎండలో పెట్టు."

ఆ సాయంత్రానికి వార్త ఊరంతా పాకింది. జనం వచ్చారు. తాబేలు కోసం కాదు, తొట్టి కోసం. సుంకన్న దాన్ని పగలగొడతాడట అని ఎవరో అన్నారు. "వేరే గూడు కట్టుకో అప్పా. తొట్టి ఉండనీ, మేము నీళ్లు పోసుకుంటాం," అని బతిమాలారు. గంగాధరప్ప కూడా వచ్చి గచ్చు మీద చెయ్యి వేసి నిమిరాడు. "ఇట్లాటిది మళ్ల కట్టలేవు సుంకన్నా. మాట పోతే పోనీ. దీన్ని ముట్టొద్దు," అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు.

సుంకన్న అందరి మాటా విన్నాడు. పెరట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ తిరిగే చోటు తొట్టి ఉన్న చోటే. గుట్ట తాబేలుకు ఎండా కావాలి, నీడా కావాలి. రెండో చోటు లేదు. తొట్టిలో నీళ్లన్నీ ముంచి కదిరమ్మ మేకలకు పోశాడు. తర్వాత ఉలి పెట్టి, తూర్పు గోడలో మూరెడు మేర తానే పగలగొట్టాడు. ఒక్కో దెబ్బకు ఓబమ్మ కళ్లు మూసుకుంది. గచ్చు ఎంత గట్టిదంటే ఆ మూరెడు పగలడానికి రెండు ఉలులు మొద్దుబారాయి. ఆ మాట తర్వాత అతను చాలామందికి చెప్పాడు.

ఇప్పుడు మొదలైంది అసలు కట్టడం. ఈసారి నన్ను అడగలేదు. ఎవర్నీ అడగలేదు. తాటాకులు విప్పేసి, గుట్ట నుంచి ఎర్రమట్టీ గరుసూ గంపలతో మోసుకొచ్చి తొట్టిలో నింపి, పగలగొట్టిన తూర్పు వైపుకు ఏటవాలు చేశాడు. మోకాటి లోతు తొట్టి అరుగైంది. తాబేలును దాని మీద పెట్టి, పక్కన గడ్డపలుగుకు ఆనుకుని కూర్చున్నాడు. అది చాలాసేపు కదలలేదు. తర్వాత కళ్లు మూసుకునే నాలుగు అడుగులు వేసింది. ఆగిన చోట సుంకన్న సున్నంతో చుక్క పెట్టాడు. ఎండ ముదిరాక ఇంకో పక్కకు జరిగింది. అక్కడా చుక్క పెట్టాడు. మూడు రోజులు అలా చుక్కలు పెడుతూ కూర్చుంటే, మనిషికి వడదెబ్బ తగిలిందని ఊరు జాలిపడింది. ఆ చుక్కలే అతని ప్లాను. పొద్దున ఎండ కాగే చోట చదునైన బండ పరిచాడు. మధ్యాహ్నం దూరే చోట సన్నటి బండలు ఏటవాలుగా నిలిపి, పైన ఇంకో బండ కప్పి, మట్టి వేసి మిద్దె కట్టాడు. వాకిలి తూర్పుకు. వెడల్పు తాబేలున్నర, లోతు మూడు తాబేళ్లు. దారం పెట్టి దాని ఒంటి పొడవే కొలతగా తీసుకున్నాడు. నీళ్ల కోసం ఒక రాయిని వేలి మందాన గిన్నెలా తొలిచాడు. చుట్టూ గరిక గడ్డలు నాటి, రోజూ గుక్కెడు నీళ్లు చిలకరించాడు.

ఆ మిద్దెను చూస్తే నాకు ఈర్ష్య పుట్టింది. మా ఇంట్లో మధ్యాహ్నం పెనం మీద వేగినట్టుండేది. ఆ వాకిట్లో చెయ్యి పెడితే కొత్త కుండలో పెట్టినంత చల్లగా ఉండేది. నేను కాస్త చిన్నగా పుట్టి ఉంటే అద్దెకు అడిగేవాణ్ని.

అయితే ఇంత కట్టినా తాబేలు కళ్లు తెరవలేదు. కదిరమ్మ రోజూ నాగజెముడు పండు తెచ్చి, ఇసకలో రుద్ది ముళ్లు తీసి, సగానికి చీల్చి దాని ముందు పెట్టేది. సాయంత్రానికి వాడిపోయిన పండును తీసి పారేసేది. ఓబమ్మ గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి దాని కళ్లు తుడిచేది. సుంకన్న పనికి పోలేదు. సుత్తి సంచిలోనే ఉంది. దాని వైపు చూడడం కూడా మానేశాడు.

మిద్దె కట్టిన ఏడో రోజు పొద్దున్నే ఓబమ్మ మళ్లీ కేక పెట్టింది. "అయ్యో అయ్యా! నెత్తురు కక్కినాది!"

ఈసారి వీధి వీధంతా వచ్చింది. తాబేలు వాకిట్లో బండ మీద ఉంది. నోరంతా ఎర్రన. గొంతు మీద ఎర్రటి ధారలు. ముందు కాళ్లూ ఎరుపే. గంగాధరప్ప చేతికర్ర పట్టుకుని వచ్చి, చూసి, కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. సుంకన్న తాబేలు దగ్గరికి పోలేదు. ఇంట్లోకి పోయి సంచిలోంచి సుత్తి తీసుకుని వచ్చి గంగాధరప్ప ముందుకు చాచాడు.

"తీసకపోండప్పా. అన్న మాట అన్నా."

గంగాధరప్ప చెయ్యి చాపలేదు. "నాకెందుకప్పా ఇది? ఉండనీ," అని నసిగాడు. సుంకన్న ఆ సుత్తిని ఆయన చేతిలో పెట్టి, వేళ్లు మూసేశాడు.

అప్పుడు కదిరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. వంగి, తాబేలు మూతి మీది ఎరుపును వేలితో తుడిచింది. ఆ వేలు నోట్లో పెట్టుకుంది. ఆడవాళ్లు "ఛీ ఛీ" అన్నారు.

"ఇంత తియ్యటి నెత్తురు నేను యాడా సూడలేదప్పా," అంది. "మీరూ ఒగ సుక్క నాకండి."

అందరూ కిందికి చూశారు. నిన్న కదిరమ్మ తీయకుండా వదిలేసిన నాగజెముడు పండులో గింజలూ ఎర్రటి తొక్కా తప్ప ఏమీ మిగల్లేదు. తాబేలు మెడ చాచి, రెండు నల్లటి పూసల్లాంటి కళ్లతో ఆ జనం కాళ్లనన్నిటినీ ఒకసారి చూసింది. ఎవరి కాళ్లూ తినదగినవి కావని తేల్చుకుని, మిగిలిన తొక్క మీద పడింది.

సుంకన్న నేల మీద చతికిలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ఇన్నాళ్లుగా కడగని మొహం మీద రెండు చారలు మాత్రం తెల్లగా కనిపించాయి. ఓబమ్మ వచ్చి కొంగుతో అతని మొహం తుడిచి, "నీళ్లు మిగిలినాయి గదా, ఇంగనన్నా స్నానం చెయ్యి," అంది. జనం ఘొల్లుమన్నారు.

గంగాధరప్ప చేతిలో సుత్తి అలాగే ఉంది. దాన్ని సుంకన్న పక్కన పెట్టి, తాను కూడా కింద కూర్చున్నాడు. మిద్దె వాకిట్లో చెయ్యి పెట్టి చూశాడు. చల్లదనం తగిలి, చెయ్యి కాసేపు అక్కడే ఉంచాడు.

"సుంకన్నా, మా ఇంట్లో ఇట్లాటిది ఒగటి కట్టియ్యప్పా. నేనూ ఒగదాన్ని సాకుతా."

"కడతా. అయితే ముందు దాన్ని తెచ్చుకోండి."

"కట్టినాక తెస్తాలే. ఇదే కొలత ఏసెయ్."

"అట్ల గాదప్పా." సుంకన్న లేచి, సుత్తి సంచిలో వేసుకుని, ఊరంతా వినేటట్టు చెప్పాడు. "ఇది దీని ఇల్లు. మీది వచ్చి, మీ ఇంట్లో తిరిగి, యాడ నిలబడల్లో అది సెప్పల్ల. నేను సుక్క పెట్టుకుంటా. దాన్ని అడక్కుండా నేనింగ ఒగ రాయి కూడా పెట్టను."